కప్పు మీద రెండో యాంటెన్నా

మా ఊరి బడిలో నేను చదివింది మూడేళ్లే. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది నాన్న తిరిగి రాలేదు. నేను పడవలు బాగుచేసే షెడ్డులో పనికి చేరాను. ఆ తరువాత అరవై ఏళ్లు ఆ బడి గేటు దాటలేదు.

దాటించింది తొగాషి. ఊళ్లో కరెంటు సామాన్ల దుకాణం అతనిది, సొంత రేడియోల్లో దూరదూరాలకు మాట్లాడుకునే మా హామ్ రేడియో క్లబ్బుకు పెద్ద కూడా అతనే. నాకు నలభై ఏళ్లప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, పరీక్షకు కావలసిన మేరకు ఒక్కొక్క అక్షరం వేలితో చూపించి, రేడియో లైసెన్సు పరీక్ష రాయించాడు. మూడుసార్లు తప్పాను. నాలుగోసారి పాసయినప్పుడు నాకన్నా అతనే ఎక్కువ తాగాడు.

ఆ తరువాత ముప్పై ఏళ్లకు, ఒక ఏప్రిల్ నెలలో షెడ్డుకు వచ్చి చెప్పాడు.

"ఇవాకిచీ, మన బడి పిల్లలు అంతరిక్ష కేంద్రంతో మాట్లాడబోతున్నారు. మన రేడియోలోనే. ఇరవైమంది పిల్లలు, ఇరవై ప్రశ్నలు. పైనున్న వ్యోమగామి జవాబులు చెప్తాడు. అది మన నెత్తి మీంచి దాటిపోయేలోపే అంతా అయిపోవాలి. పది నిమిషాలు."

"ఊఁ."

"యాంటెన్నా నువ్వు చెయ్యాలి."

నేను ఆకురాయితో గొట్టం రాకుతూనే ఉన్నాను.

"నోట్లో గవ్వ పెట్టుకున్నావేంట్రా? చేస్తావా, చెయ్యవా?"

"అది పోయే దిక్కుకు తిప్పడానికి మోటారు?"

"మోటారెందుకు, నువ్వుండగా? నీ యాంటెన్నా, నీ చేతులు. మాటిస్తున్నా."

నేను వదిలేసిన బడి అది. ఆ బడి పిల్లల గొంతులు నేను చేసిన దానిగుండా పైకి పోతాయి. నాకు ఇంకేమీ అక్కరలేదనిపించింది.

మూడు నెలలు చేశాను. మధ్య కర్రకు వెదురు, దానికి వలలు కుళ్లకుండా పూసే కాయరసం నాలుగు పూతలు. రెక్కలకు అల్యూమినియం గొట్టాలు. పక్కకు తిప్పడానికి ఒక చక్రం, పైకెత్తడానికి ఒకటి. రెండూ పాత పడవలవి. జులైలో మా పెరట్లో నిలబెట్టి వింటే, పైనున్నాయన ఎవరితోనో మాట్లాడుతున్న మాటలు స్పష్టంగా వినిపించాయి. తొగాషి నా వీపు మీద చరిచాడు.

నవంబరులో ఆ రోజు వచ్చింది. సాయంత్రం నాలుగు దాటింది. పిల్లలు, తల్లిదండ్రులు, ఊరి పెద్దలు అందరూ బడి వ్యాయామశాలలో ఉన్నారు. నేను ఒక్కణ్ణే దాని కప్పు మీద. చేతిలో చిన్న వాకీటాకీ. యాంటెన్నా ఎటు తిప్పాలో, ఎంత ఎత్తాలో కింద నుంచి డిగ్రీల అంకెలు చదివి చెప్పేది నాగిసా. ఆరో తరగతి పిల్ల.

"తాతా, రెండువందల ముప్పై. పైకి పది."

తిప్పాను. కింద లౌడ్‌స్పీకర్లో గరగర, ఆ వెనకే ఒక మగగొంతు. వ్యాయామశాల మొత్తం హోరుమంది.

"తాతా, రెండువందలు. పైకి ముప్పై అయిదు."

అక్కడే చక్రం బిగుసుకుపోయింది. ఉప్పుగాలికి బోల్టు పట్టేసింది. సుత్తితో కొట్టాను. కదల్లేదు.

"తాతా, నూటనలభై! పైకి అరవై! వినిపిస్తోందా తాతా?"

చేతులు చీరుకుపోయాయి. పిల్లల మాట పోతోంది, నా చేతుల్లోనే పోతోంది అనుకున్నాను. కింద ఎవరో పిల్లవాడు అడుగుతున్నాడు, అక్కడ ఏడిస్తే కన్నీళ్లు ఏమవుతాయని.

"కిందికి జారవు. కంటి దగ్గరే బుడగలా అతుక్కుపోతాయి," జవాబు వచ్చింది.

హమ్మయ్య అనుకున్నాను. కేంద్రం దగ్గరగా ఉంది కాబట్టి ఎలాగో అందుతోందేమో.

"తాతా, తొంభై. పైకి ఇరవై."

నా యాంటెన్నా ఇంకా దక్షిణాన్నే చూస్తోంది. కేంద్రం తూర్పుకు దాటిపోయింది. ఈపాటికి గొంతు చెదరాలి, గరగరలో మునిగిపోవాలి. అది మాత్రం ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

నేను సుత్తి కింద పెట్టాను. అప్పుడు వినిపించింది, నీళ్ల ట్యాంకు వెనక సన్నగా మోటారు చప్పుడు.

వెళ్లి చూశాను. కొత్త యాంటెన్నా, ఫ్యాక్టరీది, బూడిదరంగు వేసి ఉంది. తనంతట తానే ఈశాన్యానికి మెల్లగా తిరుగుతోంది. వెనక్కి వచ్చి నా యాంటెన్నా తీగ వెంట నడిచాను. గోడ దాకా పోయి చుట్టగా పడి ఉంది. చివర రబ్బరు తొడుగు ఇంకా తియ్యలేదు, కింది రేడియోకు తగిలించనే లేదు.

"తాతా, యాభై. పైకి అయిదు. అయిపోయింది తాతా! బాగా తిప్పావు."

"ఊఁ," అన్నాను.

కిందికి దిగేసరికి తొగాషి మైకులో మాట్లాడుతున్నాడు. "మన పిల్లల గొంతులు పైకి మోసినవి ఇవాకిచి గారి చేతులు!" అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేను తల వంచి దండం పెట్టాను. అందుకు ఈ రోజుకీ సిగ్గుపడతాను.

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే నాగిసా వచ్చి నిలబడింది.

"తాతా, చేతికి రక్తం."

"నీకు తెలుసా?"

ఆ పిల్ల తన చెప్పుల వైపు చూసింది. "అందరికీ తెలుసు. తాతకి చెప్పొద్దు, బాధపడతాడు అన్నారు."

"ఎవరు?"

"తొగాషి మామయ్య."

"మరి అంకెలు ఎందుకు చదివావు?"

"చదవమన్నారు కదా," అని ఏడ్చేసింది. దాని కన్నీళ్లు కిందికే జారాయి. నేను ఇంటికి వెళ్లిపోయాను.

మా రేడియోవాళ్లకు ఒక పద్ధతి ఉంది. మాట్లాడినవాళ్లకూ, విన్నామని రాసినవాళ్లకూ కార్డు పంపుతాం. ఏ రేడియో, ఏ యాంటెన్నా అన్నీ అందులో ఉంటాయి. కార్డు మీద అబద్ధం ఉండకూడదు. అది నాకు నేర్పింది తొగాషే.

రెండు వారాల తరువాత కార్డుల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు దేశమంతటా విన్నవాళ్లకు పంపవలసినవి. యాంటెన్నా అన్నచోట నా పేరు అచ్చు వేసి ఉంది. నా పేరు నేను చదవగలను.

"ఎప్పట్నించి?" అన్నాను.

"ఏంటి ఎప్పట్నించి?"

నేను కార్డు మీద నా పేరుపై వేలు పెట్టాను. అతను టీ గిన్నె కింద పెట్టాడు.

"ఆగస్టు నించి. సలహా ఇవ్వడానికి పైఊళ్ల నుంచి పెద్దలు వచ్చారు చూడు, వాళ్లు వెదురా అన్నారు. తిప్పేవాడికి డెబ్బై ఏళ్లా అన్నారు. పిల్లలకి ఒక్కటే అవకాశం రా. నన్నేం చెయ్యమంటావ్?"

"చెప్పాలి."

"చెప్తే మానేసేవాడివి."

"మానను. మోటారు పక్కన నిలబడేవాణ్ణి."

అతను టీ గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నా బోల్టు పట్టేసింది. నీ మోటారు లేకపోతే పిల్లల మాట పోయేది. అది పెట్టడం ఒప్పే." అంత మాట నేను ఒక్కసారిగా మాట్లాడటం అరుదు. "కార్డు మార్చు."

"అచ్చయిపోయాయి కదరా."

"కొట్టేసి చేత్తో రాయి."

"రెండువందల పైనున్నాయి! నీ గౌరవం కోసమే కదరా వేయించాను!"

కలం అతని ముందు పెట్టాను. "నాకు ఆ కష్టమైన అక్షరాలు రావు. నువ్వే రాయి."

రాశాడు. పన్నెండో కార్డు దగ్గర ఆగి, "ముప్పై ఏళ్ల స్నేహం రా మనది," అన్నాడు. నేను పదమూడో కార్డు ముందుకు జరిపాను. పొద్దు వాలేదాకా రాసి, పెట్టె మూసి అక్కడే వదిలి, చెప్పకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు ఒక కార్డు తీసుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషి రాసింది నిజమో కాదో చూసుకోవాలి. నాగిసా బయటికి రాగానే చేతికిచ్చి చదవమన్నాను.

"యాంటెన్నా, ఫ్యాక్టరీది. మోటారుతో తిప్పినది."

"ఇంకేమైనా ఉందా?"

"లేదు తాతా. అంతే."

పెట్టెడూ తీసుకెళ్లి పోస్టులో వేశాను.