గోల్ఫ్ డబ్బా పాట

పదేళ్లు ఆ అట్టడబ్బాని అటక మీద దాచాను. దాని మీద టోపీ పెట్టుకున్న తెల్లవాడొకడు కర్ర ఎత్తి బంతిని కొడుతుంటాడు. గోల్ఫ్ వీడియోగేమ్ డబ్బా అది. లోపల కేసెట్ లేదు.

తొంభై ఏడులో బందరు కోనేరు సెంటర్లో బసవపున్నయ్యకి వీడియోగేమ్ షాపు ఉండేది. నా తమ్ముడు పోతయ్య అందులో పనిచేసేవాడు. ఒకరోజు గోల్ఫ్ కేసెట్ కనపడలేదు. బసవపున్నయ్య నలుగురిలో మావాడి చెంప పగలగొట్టి, "దొంగ వెధవా, దీన్ని కూడా పట్టుకుపో!" అని ఖాళీ డబ్బా మొహాన కొట్టాడు. పక్కనే నిలబడి ఆయన మేనల్లుడు వెంకటపతి కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత మావాణ్ణి ఏ షాపువాడూ గడప తొక్కనివ్వలేదు. నేను చేపలు అమ్మే గిలకలదిండి హార్బరులోనే వాడిప్పుడు ఐసు మోస్తున్నాడు. అక్కడ ఎవరి వస్తువు పోయినా ముందు వాడి వైపే చూస్తారు.

మొన్న ఆ వెంకటపతి గుడివాడ నుంచి కారేసుకుని మా ఇంటికొచ్చాడు.

"సత్యవతక్కా, ఆ డబ్బా ఉందా? పాత గేములు సేకరిస్తున్నానక్కా. డబ్బా లేకపోతే నాలా సేకరించేవాళ్లు కేసెట్‌ని లెక్కచెయ్యరు."

"కేసెట్ ఏదీ, చూపించు బాబూ."

మురిసిపోతూ తీశాడు. వెనకాల ఎర్ర గోళ్లరంగు చుక్క. షాపు కేసెట్లు కలిసిపోకుండా నా గోళ్లరంగుతో పోతయ్య పెట్టిన గుర్తు! నా ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వాను.

"రేపు పొద్దున్నే హార్బరులో చేపల వేలంపాట దగ్గరికి రా. అక్కడ తేల్చుకుందాం."

మా దగ్గర వేలానికి ముందు ఆ సరుకు ఎవరు పట్టారో గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే పాట మొదలవదు. నా వంజరం చేపల బుట్టల మధ్య డబ్బా పెట్టాను. పాట నడిపే అంకమ్మరావు మావయ్య నవ్వాడు.

"ఇదేం చేప సత్యవతీ?"

"ఖాళీ డబ్బా మావయ్యా. ఇందులో సరుకు ఎవరు పట్టుకుపోయారో ఈ బాబు చెప్తాడు. చెప్తేనే పాట."

వెంకటపతి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అందరిలో ఏంటక్కా ఇది?"

"నా తమ్ముణ్ణి చాటుగా కొట్టారా?"

విసురుగా కారు దాకా వెళ్లాడు. డబ్బా వైపు చూశాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. అంత పిచ్చి దాని మీద!

"నేనే తీశాను," అని గొణిగాడు.

"బోట్ల మీదవాళ్లకి వినపడాలి."

"నేనే తీశాను! పోతయ్య తియ్యలేదు!"

మావాడు భుజం మీది ఐసు దిమ్మ దించాడు. పాట మొదలైంది. వెంకటపతి వేలకు వేలు అరుస్తున్నాడు.

"పోతయ్యా, నువ్వు పాడరా," అన్నాను.

"ఈ పూట నా కూలి," అని పాడాడు వాడు.

"అమ్మేదాన్ని నేను. నాకదే ఎక్కువ. వాడి పేరున కొట్టెయ్ మావయ్యా!"

పోతయ్య డబ్బా తీసుకుని తిన్నగా ఐసు పొడి చేసే మిషన్లో వేశాడు. రంగురంగుల అట్టముక్కలు ఐసుతోపాటు కింద పడ్డాయి. వెంకటపతి మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తుంటే కళ్లారా చూశాను. జాలా? నా చెప్పుకి కూడా లేదు.

అంకమ్మరావు మావయ్య లేచి, పాట డబ్బులున్న గల్లాపెట్టె పోతయ్య చేతిలో పెట్టాడు.

"టీ తాగొస్తాను. చూస్తుండరా."