అయస్కాంతం తాకిన రాయి

ఎడారిలో ఆకాశం నుంచి రాలిన రాయి కనిపిస్తే చేయి చాపకూడదు. పక్కన మూడు గులకరాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, తెలిసినవాళ్లను పిలుచుకురావాలి. అలాంటి రాయి తాను పుట్టిననాటి అయస్కాంతపు గుర్తును వందల కోట్ల ఏళ్లుగా లోపల దాచుకుని ఉంటుందట. మామూలు అయస్కాంతం ఒక్కసారి తాకితే అదంతా చెరిగిపోతుందట. ఇలాంటి రాళ్ల మీద పరిశోధన చేసే డాక్టర్ ఇరురేతా చెప్పింది. ఆరో తరగతితో బడి మానేసిన నా దగ్గర ఆవిడ అడిగింది ఒక్క మాటే: అయస్కాంతం తాకించనని. ఆ మాట నమ్మి పదకొండేళ్లు నన్నే దారి చూపమంది. ఎడారి అంచున మా కలామా ఊళ్లో నాకంటూ ఉన్న పరువు అదొక్కటే.

నాతో ఎలాదియో నడిచేవాడు. నా కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఆనాటి నుంచి ఒకరికొకరం 'కొంపాద్రే'. ఆకాశపు రాయి అంటుకుంటుందని వాడి చేతికర్ర చివర అయస్కాంతం ఉండేది. పీకి పారేశానని డాక్టరమ్మకీ నాకూ చెప్పాడు.

నవంబరులో నాకు పిడికెడంత రాయి దొరికింది. పైన గాజులా మెరిసే నల్లటి పొర. గులకరాళ్లు పేర్చి, ఎలాదియోను కాపలా పెట్టి, డాక్టరమ్మ కోసం జీపు దాకా నడిచాను. పోను గంట, రాను గంట.

నెలన్నర తర్వాత ఆవిడ మా వంటింట్లో కూర్చుంది. టీ ముట్టలేదు.

"రెమిహియో, ఆ రాయికి ఎవరో అయస్కాంతం తాకించారు."

"నేను కాదమ్మా."

"అక్కడున్నది మీరిద్దరే."

ఎలాదియో టీలో చక్కెర కలుపుతున్నాడు. "వాడికి తొందరెక్కువ డాక్టరమ్మా. నేను వద్దనేలోపే తాకించేశాడు. మనిషి మంచోడే, కావాలని చెయ్యలేదు."

ఆవిడ వాడి మాటే నమ్మింది. టీ అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు వాడింటికి వెళ్లాను. తలుపు వెనక కర్ర, దాని చివర అయస్కాంతం, దానికి అంటుకుని గోరంత నల్లటి పెచ్చు.

"ఇదేంటి కొంపాద్రే?"

వాడు దాచలేదు. "పోయినేడు ఎండిన గాడిద లద్ది తెచ్చి ఆకాశం నుంచి పడిందన్నావు. నీ కళ్లని నమ్మమంటావా? ఊరికే అలా ఆనించి చూశా."

"మరి నా మీదకెందుకు తోశావు?"

"నువ్వంటే ఆవిడకి నమ్మకం. నిన్నైతే వదిలేస్తుందనుకున్నా. నన్నైతే తన్ని తగలేసేది."

"ఇప్పుడెళ్లి చెప్పు."

"జనవరిలో దారి చూపడానికి నన్ను రమ్మంది," అన్నాడు నేల చూస్తూ. "నీ పిల్ల ముందు నన్ను దొంగని చెయ్యకు."

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. అంతా విని, "దొరికిపోయాక అందరూ పక్కవాడి పేరే చెబుతారు రెమిహియో," అని పెట్టేసింది.

జనవరిలో ఒక్కణ్నే నడిచాను. నాలుగో రోజున తలకాయంత రాయి, ఎవరూ ముట్టనిది. అలవాటు కొద్దీ మూడు గులకరాళ్లు పేర్చాను. దూరంగా ఆవిడ జీపు దుమ్ము రేపుకుంటూ పోతోంది, ముందు సీట్లో నా కొంపాద్రే.

పేర్చిన రాళ్లు ఒక్కొక్కటే తీసి తలో దిక్కుకీ విసిరేసి, ఆ రాయిని ఉన్నచోటే వదిలి ఇంటిదారి పట్టాను.