వలందా వాని యెత్తిన చేయి

శిశిరర్తువు కడపటి దినములయం దపరాహ్ణభానుడు పడమటి కొండలవైపు మెల్లమెల్లగ వాలుచుండ గోస్తనీనది సాగరమున గలియుచోట నిసుకతిన్నెలు కరగిన యిత్తడివలె మెరయుచుండ ఎండవేసిన వలల వాసనయు లవణానిలమును గలసి భీమునిపట్టణపు వీధుల వెంబడి తిరుగుచుండ ఊరిలోని యంగళ్లన్నియు మూతవడి జనులెల్లరు ఫుట్‌బాలు క్రీడాప్రాంగణము చుట్టును గుమిగూడి యుండిరి. ఊరి జట్టున ఆటగాండ్రు పదునొకండుగురున్నను అందరి చూపులు నొక్కని వీపుమీదనే నిలిచియుండెను. ఆ చూపులలో ప్రేమ లేదు.

వాడు వీబ్రెన్ డైక్‌స్ట్రా యను వలందాదేశీయుడు, అనగా డచ్చివాడు. సాగరముకంటె పల్లముగా నుండు నేలయం దావులను మేపి బ్రతుకు నొక కాపునకు కడగొట్టు బిడ్డడై పుట్టి తాళవృక్షమువలె నెదిగి పసితనమునుండియు గోలు వేయుటకంటె గోలు పడకుండ గాచుటయందే యానందమెరిగి స్వదేశమున నొక గొప్ప సంఘమునకు రక్షకుడై పిదప నాయకుడై వన్నెకెక్కెను. అట్టివాని భాగ్యము నొక్క సాయంకాలము విరిచివేసెను. సంఘము పైతరగతిలో నిలుచునో క్రింద బడునో తేలవలసిన పోటీయందు తన గోలు కాపరికని వెనుకకు తట్టిన బంతి తడిగడ్డిమీద జారి తన గోలులోనే పడెను. అమ్ముడుపోయెనని లోకము పలికెను. విచారణ జరిపిన పెద్దలు నిర్దోషి యని తీర్చిరి. అయిన నేమి? నిందను మొదటి పుటలో నచ్చువేసిన పత్రికలు తీర్పును లోపలి పుటలో మూలకు ద్రోసెను. అది మొదలు వాడు తురకదేశమునకు బోయినను సైప్రసు ద్వీపమునకు బోయినను వానికంటె ముందుగ నా మాట యూరు చేరుచుండెను. తుదకు ముప్పదియారేండ్ల వయస్సున మోకాళ్లు మొరాయించుచుండ భీమునిపట్టణపు గోస్తనీ సంఘము వానిని బిలిచెను. ఇంక బిలుచువారు లేరని వానికిని దెలియును.

ఆ సంఘమున నెడమవైపు కాచువాడు మైలపల్లి ఎల్లాజీ యను జాలరి యువకుడు. గోలు కాపరి కోరాడ అప్పలసూరి. పోటీకి ముందునాటి సంధ్యవేళ ఎల్లాజీ పరుగున వచ్చి తోడివారి నడుమ నిలిచి గొంతు తగ్గించి యిట్లనెను.

"ఒరే సూరీ, మన డచ్చోడు దీపస్తంభం కాడ ఎవుల్తో ఉన్నాడో ఎరికేట్రా? రేపు మనమీదాడే కలకత్తా జట్టులో గోల్లేసే కస్పర్ లేడా, ఆడితోన. సంచొకటి సేతులు మారింది. నా కళ్లతో సూసినాను."

"ఆడి దేశపోడే కదేట్రా. దుబాయిలో మనోడగుపిస్తే నువ్వు కావిలించుకోవా?"

"కావిలించుకుంతాను. సంచి పుచ్చుకోను. ఆళ్ల తాతలు గుడ్డలు కొంతామనొచ్చి ఇక్కడ కోట కట్టీసినారు. సచ్చిపోయినా కదల్లేదు, సమాధులు సూడు, ఊరి నడిబొడ్డున!"

అందరు నవ్విరి. నవ్వు చల్లారిన వెనుక నొకరి మొగ మొకరు చూచుకొనిరి. తెల్లవారునప్పటికి మాట కోచ్ బెహరా సన్యాసిరావు చెవిని బడెను. గెలువనిచో సంఘమునకు పైతరగతిలో స్థానము దక్కని పోటీ యది. ఆయన వీబ్రెనును బిలిచి యొక్కమాటే చెప్పెను.

"సూడు బాబూ, నీ పాత కతలు నాకొద్దు. ఇయ్యాల నీవల్ల గోలు పడిందా, చొక్కా ఇప్పించీసి పంపించెస్తాను. ఆ తరవాత నిన్ను పిలిసే ఊరుండదు."

అప్పలసూరి దాని నాంగ్లమున జెప్పగా వీబ్రెను తలయూచెను.

ఇచట ఫుట్‌బాలు నందలి యొక సూక్ష్మము చెప్పవలెను. ఎదుటివాడు ముందరికి బంతి నందించు క్షణమున దానిని గైకొనబోవువాడు కాచువారి వరుసను దాటి గోలువైపు నిలిచియున్నచో నది ఆఫ్‌సైడను దోషము. కావున కాచువారు నలువురు నొక్కమారుగ ముందుకడుగిడుదురేని ఎదుటివాడు తనంతట తానే దోషములో జిక్కును. నలువురిలో నొక్కడు వెనుక జిక్కెనా, దోషము తొలగి ద్వారము తెరచుకొనును. సంకేతమిచ్చువాడు వీబ్రెను. చేయి పైకెత్తి "ఇప్పుడు" అని యరచును. ఆ యరపును నమ్మి యడుగిడవలెను. వెనుదిరిగి చూచుటకు వ్యవధి యుండదు.

పూర్వార్ధమున కలకత్తా వారు బంతి నందించు తరుణము వచ్చెను. వీబ్రెను చేయి యెత్తి యరచెను. ఇద్దరు తోడివారు వానితో గూడ ముందుకేగిరి. ఎల్లాజీ యేగలేదు. ఈ చేయి నాకై యెత్తెనా, వాని మిత్రునికై యెత్తెనా యను తలపు వాని పాదములను గట్టివేసెను. కస్పరు దోషరహితుడై దూసికొనిపోయి గోలు వేసెను.

ప్రాంగణమంతయు నొక్క గొంతుక యయ్యెను. "సెయ్యెత్తి దారి సూపించాడ్రా! అమ్మీసాడ్రా మనల్ని!"

వీబ్రెను ఎల్లాజీ నిలిచిన చోటును జూచెను. ఎల్లాజీ తల వంచుకొనెను. తన వరుసలోనివాని తప్పు వరుస వెలుపల జెప్పరాదనుట కాచువారి కులధర్మము. కావున వీబ్రెను నోరు మెదపలేదు. ఆ మౌనమే వానిమీద సాక్ష్యమయ్యెను.

విరామవేళ సన్యాసిరావు సంచి తెమ్మనెను. వీబ్రెను తెచ్చి విప్పెను. లోపల నల్లని బిళ్లలు.

"మత్తుబిళ్లలు!" అని యొకడు కేక వేసెను.

అప్పలసూరి యొకటి నోట వేసికొని మొగము చిట్లించి యుమిసెను. "ఓలమ్మా, అతిమధురంలో ఉప్పు గలిపీసినార్రా! ఇది లంచమైతే నేనెప్పుడూ పుచ్చుకోను."

"మా యూరి మిఠాయి. నా తల్లి కస్పరు చేతికిచ్చి పంపినది" అని వీబ్రెను మెల్లగ ననెను.

కొందరు నవ్విరి. ఎల్లాజీ నవ్వలేకపోయెను. సంచి నిర్దోషమయ్యెను. మరి తన కాళ్లేల కదలవయ్యెను? అనుమానించినవాడ నేను, గోలు నావలన బడెను, నింద వానికి దక్కెనని వానికి స్పష్టముగ దోచెను. ఆ తప్పు పైకి జెప్పుకొనక మనస్సులో నొట్టు బెట్టుకొనెను. ఈమారు చేయి యెత్తనిమ్ము, కన్నులు మూసికొనియైన నడుగిడెదను.

ఉత్తరార్ధమున గోస్తనీ సంఘ మొక గోలు వేసి సమానమయ్యెను. ఇంకొక్కటి వేసిన గెలుపు. జట్టంతయు ముందుకురుకుచుండ కలకత్తా వారికి బంతి చిక్కి మరల నా తరుణమే వచ్చెను. వీబ్రెను చేయి యెత్తెను. అరచెను. ఎల్లాజీ వెనుక జూడక గుండెలనిండ గాలి బీల్చి ముందుకు దుమికెను. మిగిలిన యిద్దరును దుమికిరి.

వీబ్రెను దుమకలేదు.

కస్పరు వాని ప్రక్కనుండియే సాగిపోయెను. వయసు మీరిన మోకాళ్లు వెంబడించెను గాని యందుకొనలేదు. బంతి వలను దాకెను. పోటీ ముగిసెను. స్థానము పోయెను.

ఎల్లాజీ వగర్చుచు వానియొద్దకు బోయి తనకు వచ్చిన కొద్దిపాటి యాంగ్లముతో నడిగెను. "నువ్వెందుకు ఆగిపోనావు? నువ్వే కదా సెయ్యెత్తినావు!"

"నీవు మరల వెనుక నిలుతువని తలచితిని. ద్వారము తెరచియుండునని మూయుటకు నిలిచితిని" అని వీబ్రెను పలికెను. వాని కంఠమున కోపము లేదు. అదియే యెల్లాజీని గోసెను.

సన్యాసిరావు వచ్చి చొక్కా విప్పుమని సైగచేసెను. రాళ్లును తిట్లును గట్టు దాటి వచ్చుచుండెను. అప్పు డెల్లాజీ యడ్డము వచ్చెను. "సార్, ఈడి తప్పు కాదు. మొదటి గోలు నాది. ఈడు సెయ్యెత్తితే నేను కదల్లేదు. అందుకే ఈసారి ఈడు కదల్లేదు."

మునుపు వీబ్రెనుమీద నిలిచిన సన్యాసిరావు చూపే యిపుడు మెల్లగ ఎల్లాజీవైపు మరలెను.

"ఇందాకంతా నోరిప్పలేదు. ఇప్పుడు నోరిప్పుతున్నావు. ఒరే ఎల్లాజీ, నిన్నూ కొన్నారేట్రా?"

వెనుకనున్న తోడివారి గుంపు, అప్పలసూరి సహితము, ఒక యడుగు వెనుకకు జరిగెను. సన్యాసిరావు ఎల్లాజీ చొక్కాను గూడ విప్పించెను.

సాగరము గట్టును మెల్లమెల్లగ గోయును, అందరు చూడగనే కోయును. అనుమానమట్లు గాదు. అది లోనుండి తొలిచి యొకని విడిచి వేరొకని జేరును గాని యూరు విడిచిపోదు. ఆ సంధ్యవేళ జనులెల్లరు వెడలిపోయిన ప్రాంగణమున గోలునెదుట వలందావాడును జాలరియు చొక్కాలు లేని వీపులతో నొక్కవరుసలో గూర్చుండిరి. ఒకడు లేవగనే రెండవవాడును లేచెను. ఎవ్వరును చేయి యెత్తలేదు.