సాలమ్మ దిద్దిన గీతలు

నాచారం రోడ్డు మీది ఆ ప్రైవేటు ఆసుపత్రిలో నీరజ సీనియర్ రేడియోగ్రాఫర్. ఇరవై రెండేళ్ళలో ఆమెను ఆ పేరుతో పిలిచిన పేషెంటు ఒక్కరూ లేరు. అందరికీ ఆమె ‘కరెంటు పెట్టే మేడం’. రేడియేషన్ అంటే కరెంటేనని మల్లాపూర్ నుంచి అన్నోజిగూడ దాకా జనం ఎప్పుడో తీర్మానించుకున్నారు. మొదట్లో నీరజ ఓపిగ్గా సరిదిద్దేది. తర్వాత విసుగొచ్చి తనూ కరెంటనే అనడం మొదలుపెట్టింది.

ఎంత పెట్టాలో డాక్టరు రాస్తాడు. ఎటునుంచి పెట్టాలో ఫిజిసిస్టు లెక్క కడతాడు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి మీద మార్కరుతో గీసిన గీతలను గోడలోంచి వచ్చే ఎర్రటి వెలుగు గీతలతో కలిపి, బరువైన తలుపు మూసి, బయట బటన్ నొక్కేది నీరజ. గీతలు కలిస్తే కరెంటు గడ్డ మీద పడుతుంది. కలవకపోతే గడ్డ హాయిగా ఉంటుంది, పక్కనున్న మంచి కండ కాలుతుంది.

అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకు ఒకే పాఠం పదిసార్లు చెప్పేది. గీతల మీద సబ్బు రుద్దకండి, పైన అంటించిన టేపు పీకకండి, కంటికి రెప్పలా కాపాడుకోండి అని. సాలమ్మకూ అదే చెప్పింది. గీతలు మసకబారితే మీరు దిద్దుకోవద్దని మాత్రం చెప్పలేదు. అన్నేళ్ళలో ఎవరూ దిద్దుకోలేదు, ఆ మాట చెప్పాలని ఆమెకు తట్టలేదు.

సాలమ్మ మొగుడు బుచ్చిరాములు మల్లాపూర్‌లో వెల్డింగు పని చేసేవాడు. అన్నం దిగే గొట్టంలో క్యాన్సర్ గడ్డ. ముద్ద దిగక, నీళ్ళు దిగక, చివరికి ఉమ్మి మింగడం కూడా కష్టమయ్యాక వచ్చాడు. అయినా గడ్డ ఇంకా పాకలేదు. ముప్పై రోజులు కరెంటు, దాంతోపాటు సెలైన్‌లో మందు ఇస్తే సగానికి సగం బతికే అవకాశం ఉందని పెద్ద డాక్టరు మురళీధర్ చెప్పాడు. సాలమ్మ ఆ సగాన్ని గట్టిగా పట్టుకుంది. నాచారంలో ఒక ప్యాకింగ్ షెడ్డులో అట్టపెట్టెల మీద నంబర్లు రాసే పని ఆమెది. దానికి సెలవు పెట్టి రోజూ మొగుణ్ణి ఆటోలో తీసుకొచ్చేది.

ఏప్రిల్ ఎండలు మొదలయ్యాయి. రేకుల ఇంట్లో చెమటకి టేపులు ఊడిపోతాయి, గీతలు వెలిసిపోతాయి. మొదటి వారం నీరజే రెండుసార్లు దిద్దింది. రెండో వారం బుధవారం బుచ్చిరాములు బల్ల మీద పడుకుంటే గీతలు నల్లగా, నిటారుగా, అప్పుడే గీసినట్టు ఉన్నాయి. నీరజకు ముచ్చటేసింది. బయటికొచ్చి, ఇంత శుభ్రంగా గీతలు కాపాడుకున్నవాళ్ళను తన సర్వీసులో చూడలేదని సాలమ్మతో అంది. పక్కన కూర్చున్న పేషెంట్లకు కూడా సాలమ్మను చూసి నేర్చుకోమని చెప్పింది. సాలమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

మనిషి సరిగ్గా పడుకున్నాడో లేదో చూడటానికి మిషన్‌తోనే వారానికోసారి, సోమవారం నాడు, లోపలి ఎముకల ఫొటో తీస్తారు. ఒక్కో ఫొటోకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఆ బుధవారానికి రెండు రోజుల ముందు సోమవారం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంది. మూడు దాటితే రోడ్లు మూసేస్తారు, ఆ తర్వాత పేషెంట్లు ఇళ్ళకు చేరడం దేవుడెరుగు. ఆ రోజు డెబ్బై మంది ఉన్నారు. గీతలు బాగున్నవాళ్ళకు ఫొటోలు వద్దని నీరజే నిర్ణయించింది. బుచ్చిరాములు గీతలు అప్పటికే అందరికంటే బాగున్నాయి.

మూడో సోమవారం ఫొటో తీసింది. తెర మీద వెన్నుపూసలు ఉండాల్సిన చోట లేవు. రెండు సెంటీమీటర్లు తేడా. నీరజ తన కళ్ళే తప్పనుకుని ఇంకోటి తీసింది. అదే తేడా.

లోపలికి వెళ్ళి, గీతలు ఎవరు దిద్దారని మెల్లగా అడిగింది. బుచ్చిరాములు బల్ల మీంచే నవ్వాడు.

"ఇంకెవరు, మా సాలమ్మనే. రోజు పొద్దుగాల నన్ను కుర్సీల కూసోబెట్టి దిద్దుతది. వంకర బోయినయన్ని సక్కగ జేస్తది. దాని చెయ్యి మస్తు సాఫ్ మేడం."

చిక్కిపోయిన మనిషి ఒంటి మీద చర్మం వదులుగా వేలాడుతుంది. పడుకున్నప్పుడు తిన్నగా గీసిన గీత, కూర్చుంటే వంకరగా కనిపిస్తుంది. ఆ వంకరను సాలమ్మ అట్టపెట్టెల మీద రాసే మార్కరుతో శ్రద్ధగా సరిచేసింది. రోజుకు కాస్త, రోజుకు కాస్త జరిగింది. ఎనిమిది రోజులు.

ఫిజిసిస్టు లెక్క కట్టాడు. గడ్డ కింది అంచుకు ఆ ఎనిమిది రోజుల్లో పడాల్సినదాంట్లో చాలా భాగం పడలేదు. పోయినదంతా తిరిగి పెడదామంటే వెనకాలే వెన్నుపాము ఉంది, అది తట్టుకోదు. నాలుగు రోజులు మాత్రం కలపొచ్చన్నాడు. మరి ఆ సగం అవకాశం మాటేమిటని నీరజ అడిగితే మురళీధర్ పెన్నుకు మూత పెట్టి, ఇక చెప్పలేమన్నాడు.

రిపోర్టులో మాత్రం ఆయన చెప్పగలిగాడు. ఇంటి దగ్గర పేషెంటు తరఫువాళ్ళు గీతలు మార్చడం వల్ల జరిగిందని నాలుగు వరుసల్లో రాశాడు. నీరజకు ఒళ్ళు మండింది. ఫొటో మానేసింది తను, కొత్త గీతలను చూసి అనుమానపడాల్సింది పోయి మెచ్చుకుంది తను, అది రాయమంది. ఆయన చిరాకు పడలేదు. కావాలంటే కింద నువ్వే రాసుకో అన్నాడు. ఆమె రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం ఫైల్లోకి వెళ్ళింది. సాలమ్మకు చదువు రాదు, అంకెలు మాత్రమే వచ్చు. నోటితో చెప్పే మాట తనే ముందు చెప్పాలని నీరజ పరుగున వచ్చేసరికి, మురళీధర్ సాలమ్మను గదిలోకి పిలిచి గీతలు మార్చడం వల్లే ఇలా అయిందని చెప్పేశాడు. చాలా మర్యాదగానే చెప్పాడట.

సాలమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నీరజ పక్కన కూర్చుంది. ఇలాంటి మాట ఆమె జీవితంలో ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, తప్పు నాది. ఫొటో తియ్యాల్సిన రోజు నేను తియ్యలేదు. తీసుంటే ఆ రోజే తెలిసేది. మీరు దిద్దారని నేను కనిపెట్టాలి, అది నా పని. కనిపెట్టకపోగా బాగున్నాయని మెచ్చుకున్నాను. మీ తప్పు ఇందులో లేదు."

సాలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం కోసం నీరజ వెతికింది. తిడితే బాగుండును, చెంప మీద కొట్టినా బాగుండును అనిపించింది.

"నువ్వు గిట్లనే జెప్తవని నాకెర్క మేడం," అంది సాలమ్మ. "నీ మనసు అసుంటిది. నా పానం నిమ్మళం జేయనీకి నీ మీద ఏసుకుంటున్నవ్. గీసింది ఈ చెయ్యే గద. పెద్ద డాక్టరు అబద్ధం ఎందుకు జెప్తడు?"

"ఆయన సగమే చెప్పాడమ్మా. నేను నిజం చెప్తున్నా, నన్ను నమ్మండి."

సాలమ్మ తల అడ్డంగా ఊపి, నీరజ భుజం నిమిరింది. ఎదురు తననే ఓదారుస్తోందని అర్థమై నీరజకు చచ్చిపోవాలనిపించింది. మర్నాడు మళ్ళీ చెప్పింది. ఆ మర్నాడు రిపోర్టు కింద తన సంతకం కూడా చూపించింది. చెప్పినకొద్దీ సాలమ్మకు ఆమె మీద గౌరవం పెరిగిందే తప్ప, మాట మాత్రం లోపలికి పోలేదు.

ఆ తర్వాత రోజూ ఫొటో తీశారు, అందరికీ. గీతలు ఎముకలతో సరిగ్గా కలిశాయి. నాలుగు రోజులు కలిపి పెట్టారు. చివరి స్కానులో గడ్డ కింది అంచు దగ్గర మళ్ళీ నీడ కనిపించింది. డాక్టరు ఏమంటాడో వినకుండానే సాలమ్మ గదిలోంచి బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికి బయల్దేరే ముందు బుచ్చిరాములు చొక్కా వేసుకున్నాడు. నీరసానికి గుండీలు పట్టుబడలేదు. అలవాటుగా పెళ్ళాం వైపు చూశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ సాలమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. తప్పు తెలిసిన నాటి నుంచి ఆమె అతన్ని ముట్టుకోవడం లేదని అతనే తల దించుకుని చెప్పాడు. అన్నం గిన్నె కూడా నేల మీద పెట్టి జరుపుతోందట.

"నువ్వే పెట్టు మేడం," అంది సాలమ్మ గుమ్మంలోంచి. "నీ చెయ్యి మంచిది."

నీరజ ఒక్కో గుండీ పెట్టింది. చివరి గుండీ పెట్టాక సాలమ్మ అక్కడినుంచే దండం పెట్టి, సల్లగుండు బిడ్డా అని దీవించి, మొగుడి కంటే నాలుగడుగులు ఎడంగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.