రెండో డ్రమ్ము

ఆఫీసులో ఆయన్ని అందరూ బహుశా గారు అనేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆ మాట లేకుండా ఒక్క నివేదిక రాసిన పాపాన పోలేదు మరి. ఇంట్లో భార్య కూడా వదిలేది కాదు. "అన్నం వడ్డించమంటారా, బహుశా వడ్డించమంటారా?" అని దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆకాశంలోంచి మనుషుల నెత్తులు చూసి వాళ్లెవరో చెప్పే ఉద్యోగంలో బహుశా అనకపోతే కళ్లు పోతాయని ఆయన భయం.

నిరుడు బస్టాండులో బాంబు పేలి అరవై ఒక్క మంది పోయాక దేశం తన పద్ధతి మార్చుకుంది. దెబ్బ తిన్నాక ఏడవడం కాదు, తినకముందే సరిహద్దు దాటి కొట్టాలన్నది కొత్త విధానం. దానికి ఉన్న కళ్లెం ఒక్కటే. ఒకరి మాట మీద క్షిపణి వదలకూడదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల నుంచి అదే కబురు రావాలి. ఆ నియమం రాసిన కమిటీలో బహుశా గారు కూడా ఉన్నారు. జీవితంలో ఆయన గర్వంగా చెప్పుకోదగ్గ పని అదే. అదీ ఎవరికీ చెప్పుకోవడానికి వీల్లేదు.

మూడు వారాలుగా ఆయన తెర మీద ఒక ఇల్లుంది. సరిహద్దు అవతల, కొండ కింద మట్టి గోడల ఇల్లు. ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్లు, నలుగురు పిల్లలు. రోజు విడిచి రోజు పదకొండింటికి ఒక కుంటి మనిషి సంచి తగిలించుకుని వస్తాడు. ముసలాయన స్టూలు మీద కూర్చుని తల వెనక్కి వాలుస్తాడు. కుంటి మనిషి పావుగంట సేపు ఆయన మీదికి వంగి ఉండి, సంచి సర్దుకుని వెళ్లిపోతాడు. బస్టాండు బాంబు వెనకున్నవాడికీ ఎడమ కాలు కుంటే. అదీ వచ్చిన చిక్కు.

"ఇతను బహుశా మనం వెతుకుతున్నవాడు కావచ్చు. బహుశా గడ్డాలు గీసేవాడూ కావచ్చు. గేటు పక్కన రెండు నీళ్ల డ్రమ్ములున్న ఇల్లు," అని రాసి పైకి పంపారు. నాలుగు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నపు బొమ్మ చూస్తే డ్రమ్ము ఒక్కటే. రెండోది పొద్దుటి ఎండలో దాని నీడ. నలుపు తెలుపు బొమ్మలో నీడ కూడా డ్రమ్ములాగే కనబడింది. నాలిక కరుచుకుని సవరణ చీటీ రాశారు. సవరణ చీటీలు బీరువాలోకి పోతాయి గానీ పైకి పోవు. అది ఆ ఆఫీసు ఆనవాయితీ.

సోమవారం భోజనాల వేళ మిత్రదేశం నుంచి కాగితం వచ్చింది. "వెతుకుతున్న కుంటి మనిషి ఈ ఇంటికి వచ్చిపోతున్నట్టు మా మనిషి కళ్లారా చూసి నిర్ధారించాడు. గేటు పక్కన రెండు నీళ్ల డ్రమ్ములున్న ఇల్లు."

బహుశా గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేల మీద నిలబడి చూసినవాడికి నీడ డ్రమ్ములా ఎందుకు కనబడుతుంది? రెండో డ్రమ్ము ఈ లోకంలో ఒక్కచోటే ఉంది, తన నివేదికలో. ఆ కాగితమే సైన్యానికి పోయి, అక్కణ్ణుంచి మిత్రులకు పోయి, దారిలో బహుశాలన్నీ రాల్చుకుని, కొత్త చొక్కా తొడుక్కుని రెండో సాక్షిగా తిరిగొచ్చింది. సాక్షులు ఇద్దరయ్యారు కనక మర్నాడు పదకొండింటికి ముహూర్తం పెట్టేశారు.

లిఫ్టు కోసం ఆగకుండా నాలుగంతస్తులు ఎక్కారు.

"సార్, ఇది మన కాగితమే సార్. రెండో డ్రమ్ము లేదు. అది నీడ."

"ఏ డ్రమ్మండీ?" అన్నాడు డైరెక్టరు.

బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు.

"వాళ్ల మనిషి కూడా పొరబడ్డాడేమో."

"అదే పొరపాటు, నా మాటల్లోనే పడతాడా సార్?"

"చూడండి, మంత్రిగారి సంతకం కూడా అయిపోయింది. ఇప్పుడెళ్లి నీడ, డ్రమ్ము అంటే నా మొహాన ఉమ్ముతారు."

"ఆ ఇంట్లో నలుగురు పిల్లలున్నారు సార్."

"ఆ బస్టాండులో మా చెల్లెలుంది," అన్నాడు డైరెక్టరు. "దాని కాలి చెప్పు ఒక్కటి దొరికింది మాకు. అంతే."

ఆ దుఃఖం నిజం. అయినా బహుశా గారు, "ఒక్క రోజు ఆపించండి సార్," అన్నారు.

డైరెక్టరు తెల్లకాగితం ముందుకు జరిపాడు. "సరే. ఇతను వాడు కాదు అని రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

కలం తీశారు. కాదని తనకు మాత్రం ఎలా తెలుసు? రేపు ఇంకో బస్టాండు పేలితే? ఇరవై ఆరేళ్ల అలవాటు చేతిని పట్టుకు నడిపించింది. "ఇతను బహుశా వాడు కాకపోవచ్చు" అని రాసి సంతకం పెట్టారు.

డైరెక్టరు చదివాడు. నవ్వలేదు, తిట్టలేదు. "సవరణ చీటీల్లో పెట్టించండి," అన్నాడు.

అది రాసిన నా చెయ్యి పడిపోనూ అని తర్వాత బహుశా గారు ఎన్నిసార్లు అనుకున్నారో!

మర్నాడు పదిన్నర నుంచీ మబ్బు. తెర మీద దారి కనబడలేదు. కుంటి మనిషి వచ్చాడా లేదా ఎవరూ చూడలేదు. వచ్చే వేళ కదా, వచ్చే ఉంటాడన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది వరస. పదకొండింటికి క్షిపణి వెలుగుకి తెర తెల్లబడింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మబ్బు విడేసరికి ఇల్లు లేదు. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి రోడ్డు మీద పడి ఉంది. ఒక్కటే.

పదకొండూ ఇరవైకి రోడ్డు చివర కుంటి మనిషి కనిపించాడు. ఆ పూట ఆలస్యమైంది కాబోలు. కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చి చేతులతో రాళ్లు లాగడం మొదలుపెట్టాడు. చప్పట్లు కొట్టినవాళ్లు ఒక్కొక్కరే ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయారు. బహుశా గారు కదల్లేదు. మధ్యాహ్నానికి ఊళ్లోవాళ్లూ అతనూ కలిసి ఏడుగురినీ వరసగా పడుకోబెట్టారు. అప్పుడతను ముసలాయన తల ఒళ్లోకి తీసుకుని, సంచి తెరిచి, పావుగంట సేపు ఆయన మీదికి వంగి కూర్చున్నాడు.

బహుశా గారు కళ్లు తుడుచుకోలేదు. కాగితం లాక్కుని రాశారు. "ఇతను గడ్డాలు గీసేవాడు. మనం వెతుకుతున్నవాడు కాదు. మనం చంపిన ఏడుగురిలో మనకు శత్రువు ఒక్కరూ లేరు." సంతకం పెట్టి, జవానుకివ్వకుండా తనే తీసుకెళ్లి డైరెక్టరు బల్ల మీద పెట్టి వచ్చారు.

సాయంత్రం కాగితం తిరిగొచ్చింది. మూడో వాక్యం కొట్టేసి ఉంది. "వాడు తప్పించుకున్నాడు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్తున్నాడో గుర్తులతో సహా రేపటికల్లా పంపండి" అని కింద ఉంది. ఇరవై ఆరేళ్లుగా పైవాళ్లు ఆయన రాతలోంచి ఆ మాట తీసేస్తూనే వచ్చారు. మొదటిసారి, మిగిలిన రెండు వాక్యాల ముందూ, డైరెక్టరు తన చేత్తో, ఎర్ర సిరాతో చేర్చాడు: బహుశా.