రెండు చర్చిల ఊళ్లో కోతలు ఆగాయి

సమ్మెకు ఆరో రోజున దొర కార్యస్థుడు కబురు పంపాడు. బేరానికేమోనని వెళ్లాం. అతను గుర్రం దిగకుండానే మమ్మల్ని గోధుమ చేను గట్టున నిలబెట్టి, "ముందు అందరూ శిలువ గుర్తు వేసుకోండి" అన్నాడు. ప్రార్థన అనుకుని వేసుకున్నాం. కుడి భుజం ముందు తాకినవాళ్లం రుసిన్ జాతివాళ్లం, గ్రీకు చర్చివాళ్లం. ఎడమ భుజం ముందు తాకినవాళ్లు పోలిష్ వాళ్లు, రోమన్ చర్చివాళ్లు. కొరడా కొనతో మమ్మల్ని చెరోవైపుకు తోశాడు. దేవుడి గుర్తును జల్లెడగా వాడటం నేను కళ్లారా చూశాను, తమ్ముళ్లారా.

పన్నెండు పనలు కోస్తే మాకొకటి ఇచ్చేవాడు దొర. ఎనిమిదికి ఒకటి ఇమ్మన్నాం.

"పోలిష్ వాళ్లకు ఎనిమిదికి ఒకటి. దొర మీ జాతివాడే కదా! రుసిన్లూ, ఇళ్లకు పొండి" అన్నాడు కార్యస్థుడు.

ఆస్ట్రియా ఏలుబడిలోని మా గలీసియాలో రెండు చర్చిలవాళ్లు పెళ్లాడితే కొడుకులది తండ్రి చర్చి, కూతుళ్లది తల్లి చర్చి. నేనూ, నా కొడుకు దనీలో ఇటు మిగిలాం. నా భార్య రొజాలియా, కూతురు తెక్లా అటు.

వియన్నాలో చక్రవర్తి ముసలివాడయ్యాడు. ఆయన రాజ్యమనే ఇల్లు కూలకముందే జాతుల మధ్య గదుల కోసం తగువులు మొదలయ్యాయి. ఆ గదుల్లో మాబోటివాళ్లకు చోటుంటుందా? ఎవరినడగాలో నాకు తెలియదు.

అలసిపోయాను. ఇంట్లో పిండి లేదు. "వెళ్లి కొయ్యవే. చలికాలానికి రొట్టె ఉంటుంది" అన్నాను రొజాలియాతో.

"సిగ్గులేదూ? పక్కింట్లో మీ రుసిన్ల ఎవ్కత్త పస్తుంటే నాకు రొట్టె దిగుతుందా?"

కొడవలి పక్కన పెట్టి కూర్చుంది. తెక్లా కూర్చుంది. ఆ వరసంతా కూర్చుంది.

"దొర మా జాతివాడైతే, మా పిల్లను చేసుకోమను!" అని ఆ వరసలోంచి ఎవరో అరిచారు. చేనంతా నవ్వింది.

ఆ నవ్వే కార్యస్థుణ్ణి కాల్చింది. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి, మొదట కూర్చున్న రొజాలియాను బండెక్కించారు. "ఆవుకు నీళ్లు పెట్టు" అంది నాతో. అంతే.

సాయంత్రం, ఆమెను విడిపించడానికి పోదామని మేం అనుకుంటుండగా, పట్నం నుంచి రుసిన్ జాతి సంఘం వకీలు వచ్చాడు. సమ్మెకు కాగితాలు రాసిపెట్టిన మనిషే. "పోలిష్ దానికోసం పట్నం పోలీసు కచేరీ మీదికి పోతారా? వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. మన జాతి పోరాటాన్ని చెడగొట్టకండి" అన్నాడు.

ఎవ్కత్త కర్ర నేలకు తాటించింది. "మీ జాతికి ఆకలేస్తుందా నాయనా? నా కోడలికి పురుడు పోసింది ఆ పోలిష్ దే. జరుగు, దారియ్యి."

తెల్లవారగానే రెండు చర్చిలవాళ్లం కలిసి బయల్దేరాం. పట్నం చాలా దూరం, నా మోకాళ్లు పాతవి. అక్కడ తుపాకులుంటాయని తెలుసు. రేపు ఈ జనాన్నే ఇంకెవరో వచ్చి విడదీయరా అని దేవుణ్ణి అడిగాను. నడిచాను.

ఊరి చివర ఒకసారి వెనక్కి చూశాను. ముదిరిన గోధుమలు గింజ రాలుస్తున్నాయి. దొర చేలో ఒక్క కొడవలి కూడా కదలడం లేదు.