బాట వేసిన పాట

తీర్పు చెప్పేవాళ్ళు వేదిక వైపే చూడాలని ఎక్కడ రాసిపెట్టి ఉంది? మద్రాసు వ్యాసర్పాడి చర్చి హాల్లో, బుర్రకథ పోటీలో నేను కుర్చీ వెనక్కి తిప్పి, జనం వైపు మొహం పెట్టి కూర్చున్నాను. అందరూ నవ్వారు. నవ్వనీ.

"చెప్పేవాణ్ణి చూడబాక లూర్దుమేరీ, వినేవాళ్ళని చూడు" అనేవాడు మా నాయన. ఆయన బుర్రకథ చెబుతుంటే పక్కన డక్కీ వాయిస్తూ వంత పాడినదాన్ని నేను. ఆయన తాళానికి బొటనవేలికి తొడుక్కునే ఇత్తడి అందె ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. గెలిచినవాళ్ళకు అది ఇస్తానని నేనే మాటిచ్చాను.

మాటిచ్చినప్పుడు అది మా ఇల్లు దాటిపోదనే అనుకున్నాను, దాచేదేముంది? పోటీలో ఉన్నది ఇద్దరే. ఒకడు నా కొడుకు జెబరాజ్, పురసవాక్కం బట్టల కొట్లో చీరలు చూపిస్తాడు. తెలుగు అక్షరాలు నేనే దిద్దించాను. రెండోది సరణ్య, అంబత్తూరు కంపెనీలో పనిచేసే పిల్ల. తెలుగు చదవడం రాదు. కథంతా తమిళ అక్షరాల్లో రాసుకుంది. ముందురోజు ఆ కాగితం చూసి ఎగిరిపడ్డాను.

"ఇదేం రాతమ్మే? అరవంలో రాస్తే ప ఏదో బ ఏదో ఎట్ట తెలుస్తాది?"

"నోట్లో ఉండేది తెలుగే కదత్తా!" అంది.

కొడుకు పోటీలో ఉంటే తల్లి తీర్పేమిటని కొందరు గొణిగారు. పేటలో బుర్రకథ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, ఇంకెవరు చెబుతారు? "అత్త చెప్తే నాకు సరి" అని వాళ్ళ నోళ్ళు మూయించింది సరణ్యే. ఆ నమ్మకానికే నాకు భయం పట్టుకుంది.

ఇద్దరికీ ఒకటే కథ. మా తాతలు రైలు పట్టాలు వేయడానికి వచ్చి, ఇక్కడే నిలిచిపోయిన కథ.

జెబరాజ్ ముందు చెప్పాడు. ఒక్క మాట తడబడలేదు. చప్పట్లతో హాలు మోగింది. నా కడుపు నిండిపోయింది. అందెను కొంగుతో తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాను.

తర్వాత సరణ్య. బాగానే సాగుతుండగా కాగితం చూసి, "మా తాతలేసిన పాట మీద రైలు పరిగెత్తెనూ" అంది. బాట అనాలి. తమిళంలో రెండింటికీ అక్షరం ఒకటే. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. సరణ్య గొంతు ఆగిపోయింది.

అప్పుడు నా వెనక "తందాన తాన" అని వంత లేచింది. తాళం ఇసుమంత తప్పలేదు. ఆ గొంతు నాకు తెలియదా? నేను పాలిచ్చి పెంచిన గొంతు. ఆ పిల్లకు ఊపిరి తీసుకునే సందిచ్చి, మళ్ళీ "తందాన తాన" అన్నాడు జెబరాజ్.

సరణ్య అందుకుంది.

"పాటే ఏసిరి మా తాతలూ, పాటతో పట్టా లేపిరీ!
పాట లేకుంటే బాటేడ? బాట లేకుంటే మనమేడ?"

నా ఎదురుగా ఆరోగ్యసామి కూర్చున్నాడు. యార్డులో పట్టాలు మోసి నడుం వంగిపోయిన మనిషి. ఆయన చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. పట్టా ఎత్తుతున్నట్టు "ఐలేసా" అన్నాడు. ఇందాక నవ్విన పిల్లలు కూడా, ఇంట్లో తెలుగులో పిలిస్తే తమిళంలో పలికే పిల్లలు, "ఐలేసా" అని అరిచారు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు.

నేను లేచి వెళ్ళి అందెను సరణ్య వేలికి తొడిగాను. అబద్ధమెందుకు, ఒక్క క్షణం వదలబుద్ధి కాలేదు.

"తప్పు చదివినాను కదత్తా!" అంది బిక్కమొహంతో.

"చదివింది తప్పమ్మే. పాడింది కాదు."

"మరి మీవాడికి ఏమీ లేదా?" అని ఎవరో అరిచారు.

మైకు లాక్కున్నాను. "తనని ఓడించే కథకి వంత పాడినాడు వాడు. ఎప్పుడు ఎత్తుకోవాల్నో నేను నేర్పలా. ఇంట్లో నా డక్కీ ఉండాది. ఈ పొద్దు నుంచి అది వాడిది!"